ఒకరోజు ముందు పడిన వేలిముద్ర

పోలీసు నౌకరి చేసి పింఛను తీసుకుంటున్నానని తెలియగానే మా వీధి కుర్రవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే. "ఎంతమంది దొంగల్ని పట్టుకున్నవు తాతా?" గుర్తు లేదురా అంటాను. అది నిజమే. పట్టుకున్నవాళ్లు ఎవరూ గుర్తుండరు. దొంగతనం చేయలేదని నాకు బాగా తెలిసి కూడా జైలుకు పంపిన మనిషి ఒకడున్నాడు. అతను మాత్రం గుర్తున్నాడు. కూర్చుంటే కూర్చోనివ్వడు. అన్నం ముందు కూర్చుని కూడా మధ్యలో లేచి వాకిట్లోకి వెళ్లి వస్తాను. ఇన్నేళ్లకైనా చెప్పేస్తే కాళ్లు ఒకచోట నిలుస్తాయేమోనని రాస్తున్నాను. మీలో సర్కారు నౌకరిలో చేరబోయేవాళ్లు ఉంటే చదవండి. చేరినవాళ్లు ఎలాగూ చదవరు.

అవి రెండో పెద్ద యుద్ధం రోజులు. నాకు ఇరవై రెండేళ్లు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో ఒక చిన్న ఠాణాలో జవానును. ఊరి పేరు రాయను, ఆ మనుషుల తాలూకు వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. మా నాయన ఒక ఆసామి దగ్గర జీతం ఉన్నవాడు. మా వంశంలో చెప్పులేసుకుని ఊరి మధ్య నుంచి నడిచిన మొదటివాణ్ణి నేనే, అదీ సర్కారు డ్రెస్సు పుణ్యమా అని. నాలుగు ఉర్దూ అక్షరాలు వచ్చు కాబట్టి లాఠీతో పాటు రిజిస్టర్లు కూడా నాకే అప్పగించారు. మా పైన అమీన్ సాబ్, అంటే ఇప్పటి సబిన్‌స్పెక్టరు. మధ్యలో ఒక ముసలి జమేదారు, గడ్డానికి మెహందీ, నోట్లో పాను, పింఛనుకు దగ్గరపడ్డ మనిషి. చేరిన రోజే ఆయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: "బేటా, లాఠీ తప్పు చేస్తే దెబ్బ మాన్తది. కలం తప్పు చేస్తే మానదు. చూసి రాయి." ముసలాయన చాదస్తం అనుకున్నాను.

నా దగ్గరున్న రిజిస్టర్లలో ఒకటి నిగ్రానీది. జైలు నుంచి ఇంటికి వచ్చినవాడి మీద కన్నేసి ఉంచడాన్ని నిగ్రానీ అనేవాళ్లు. అలాంటివాడు పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళకు ఒకసారి ఠాణాకు వచ్చి హాజరీ ఇవ్వాలి. నేను తారీఖు రాసి ఎదురుగా రెండు గళ్లలో అతని బొటనవేలు అద్దించాలి. అమీన్ సాబ్ ఇచ్చే చిట్టీ లేకుండా ఊరి పొలిమేర దాటితే మళ్లీ జైలే. మా ఊళ్లో చాలా కాలం ఆ రిజిస్టరు ఖాళీగానే ఉండింది. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కామారెడ్డి మోటారు ఠాణా ముందు ఆగి ఒక మనిషిని దించింది. అప్పటి నుంచి అది నిండడం మొదలైంది.

ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. చంకలో చిన్న మూట. తలుపు బార్లా తెరిచే ఉన్నా గడప అవతలే నిలబడిపోయాడు.

"ఏందయ్యా, అక్కడ్నే నిలవడ్డవ్?" అన్నాను.

"రమ్మన్నరా, బాంచెన్?" అన్నాడు. రమ్మన్న తరువాతే గడప దాటాడు.

అతని కథ ఊరందరికీ తెలిసిందే. వానలు ఎగ్గొట్టిన ఒక ఏడాది పట్వారీ గారి జొన్నల పాతర తవ్వారు ముగ్గురు. ఇద్దరు పారిపోయారు. సగం బస్తా మోస్తూ ఇతను దొరికాడు. అయిదేళ్లు పడ్డాయి. వాళ్లమ్మ అప్పటికే చూపు తగ్గిన ముసలిది. భార్య రెండేళ్లు చూసి, కామారెడ్డిలో మిల్లు పని చేసే ఒకతన్ని మారుమనువు చేసుకుని, మూడేళ్ల ఆడపిల్లను తీసుకుని వెళ్లిపోయింది. మా దిక్కున అది తప్పు కాదు, కడుపు నిండాలి కదా. కాకపోతే ఆ సంగతి ఇతనికి ఎవరూ కబురు చేయలేదు.

మోటారు చప్పుడు విని ముసలిది గోడలు తడుముకుంటూ ఠాణాకు వచ్చింది. కొడుకు చేయి పట్టుకుని వేళ్లు ఒత్తి చూసింది.

"ఏళ్లేంది గిట్ల బండబారినయ్?"

"మగ్గం నేసిన అవ్వా. జంపుఖానలు."

"మనది మగ్గపోల్ల ఇల్లు గాదు గదరా?"

"జైల్ల కులం అడుగరవ్వా, పని చెప్తరు."

తరువాత అతను గొంతు తగ్గించి, "మరి అదేది? పిల్లేది?" అన్నాడు. ముసలిది, "నడువు, ఇంటికాడ చెప్త" అంది. నేను రిజిస్టరులోకి తల దించుకున్నాను. కొత్త జవానును, ఏడ్చే మనిషి ఎదురుగా ఎట్లా నిలబడాలో ఇంకా నేర్చుకోలేదు. అతను ఏడవలేదు కూడా.

నెల తిరగకముందే ఇంటి పక్క కొట్టంలో మగ్గం నిలబెట్టాడు. మొదట్లో ఆ వీధివాళ్లు అతను కనపడితే తలుపులు వేసుకునేవాళ్లు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటుంది లోకం. అయినా మగ్గం టపటపా పొద్దస్తమానం మోగుతుంటే ఎన్నాళ్లని భయపడతారు? ఎర్ర చారలు, నీలం చారలు వేసి నేసిన జంపుఖానాలు పెండ్లిళ్లకు, భజనలకు పోవడం మొదలైంది. ఒకటి మా అమీన్ సాబ్ కూడా తెప్పించుకున్నాడు, దాని మీదే కూర్చుని అందరినీ విచారించేవాడు. చివరికి ఆడవాళ్లు మగ్గం చప్పుడుతో పొద్దు గుర్తుపట్టే దాకా వచ్చింది. మగ్గం ఆగిందంటే అతను హాజరీకి బయలుదేరాడన్నమాట, దీపం పెట్టుకోవాలన్నమాట.

సాయంత్రం హాజరీకి ముసలిది కూడా వెంట వచ్చేది. ఠాణా మెట్టు మీద కూర్చునేది. లోపల వేలు అద్దిన చప్పుడు ఏమీ రాదు కదా, అందుకని బయటి నుంచే అడిగేది: "పడ్డదా?" నేను "పడ్డదవ్వా" అనేవాణ్ణి. "నడువు" అని కొడుకు భుజం పట్టుకుని లేచేది. రోజూ ఇదే మాట, ఇదే జవాబు.

అమీన్ సాబ్ పనిలో ఉంటే కొంచెంసేపు ఆగాల్సి వచ్చేది. అప్పుడు అతను వరండాలో నడిచేవాడు. పన్నెండు అడుగులు అటు, గోడ ఉన్నా లేకపోయినా వెనక్కి తిరిగి పన్నెండు అడుగులు ఇటు. "కూసోవయ్యా" అంటే, "కూసుంటే కాళ్లు గుంజుతయ్ సాబ్" అనేవాడు. అతను నడుస్తుంటే నాకు కుర్చీలో కుదురుండేది కాదు. అప్పుడు నవ్వుకునేవాణ్ణి. ఆ రోగం నాకూ పట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

దసరా దాటిన తరువాత ఒక సాయంత్రం వేలు అద్ది వెళ్లకుండా నిలబడ్డాడు.

"సాబ్, ఒక్కదినం కామారెడ్డికి పోయొస్త."

"అమీన్ సాబ్‌ను చిట్టీ అడుగు."

"చిట్టీ ఒద్దు సాబ్."

ఎందుకు వద్దంటున్నాడో నాకు వెంటనే అర్థమైంది. మేము చిట్టీ ఇస్తే ఊరికే ఇవ్వం. కామారెడ్డి ఠాణాకు కాగితం పోతుంది. అక్కడి జవాను ఒకడు ఆ ఇంటికి వెళ్లి, ఫలానా కైదీ మీ ఇంటికి వస్తున్నాడు, మీకేమవుతాడు అని వీధి వినేటట్టు అడుగుతాడు. కాగితం మీద తనిఖీ జరిగినట్టు రాసి పంపితేనే చిట్టీ.

"ఆమె నేను జైల్ల సచ్చిపోయిన్నని చెప్పుకున్నదట సాబ్. ఆ ఇంటాయన గూడ అదే నమ్మిండు. పిల్ల ఆయననే బాపు అంటదట. మంచిదే. నేను సచ్చినోన్నే ఉంట. ఒక్కసారి చూసొస్త, అంతే."

కుదరదని పంపించాను. మరునాడు మళ్లీ అడిగాడు. మూడో రోజు అడగలేదు, వరండాలో నడుస్తూ ఉండిపోయాడు. అది అడిగినదానికన్నా అధ్వాన్నం. నా మనసు మెత్తబడింది. జాలి ఒక్కటే అని చెప్తే అబద్ధమవుతుంది. జీతగాడి కొడుకును, నా ముందు ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడి నా మాట కోసం చూడడం అదే మొదటిసారి. నేను తలుచుకుంటే అవుతుంది అన్న ఆ రుచి ఉంది చూశారూ, అది చెడ్డది. జాలి సగం, పెద్దరికం సగం కలిపి సరే అన్నాను.

ఎల్లారెడ్డిలో వారం వారం అంగడి జరిగేది. ఆ రోజు మా ఊరు సగం అక్కడే ఉండేది. బందోబస్తుకని అమీన్ సాబ్, జమేదారు, మిగతా జవాన్లు కూడా పోయేవాళ్లు. ఠాణాకు నేనొక్కణ్ణే కాపలా. ఆ రోజు పొద్దున అడవి నుంచి కట్టెల లారీ ఒకటి కామారెడ్డి స్టేషనుకు పోయి సాయంత్రం ఉత్తదే తిరిగి వచ్చేది. దాన్లో పోయి దాన్లోనే రావాలని అనుకున్నాం.

ఇక రిజిస్టరు. వేలిముద్ర నేను వేయలేను కదా. కాబట్టి అంగడికి ముందురోజు సాయంత్రం అతను ఆనాటి హాజరీ వేశాక, కింది వరుసలో రేపటి తారీఖు రాసి, రెండు గళ్లలోనూ అతని బొటనవేలు అద్దించాను. ఒక్క సిరా, మూడు ముద్రలు. ఎంత తెలివిగా చేశానో అనుకున్నాను. వేలు అతనిదే, రిజిస్టరు సర్కారుది, ఇక కాదనేవాడెవడు?

అంగడి మరునాడు పొద్దున అతను అందరికన్నా ముందే వచ్చాడు. రమ్మని నేను అనకముందే గడప దాటాడు. ముఖం చూస్తే జ్వరం వచ్చినవాడిలా ఉంది. నిలబడలేకపోతున్నాడు, నడుస్తూనే చెప్పాడు.

"చూసిన సాబ్. మిల్లు ఎనుక సందుల ఇల్లు. జంపుఖాన బుజం మీదేసుకొని అమ్మెటోని తీరుగ పోయిన. అరుద్దమంటే గొంతు రాకపాయె. రెండిండ్లు దాటినంక వచ్చింది. పిల్లనే బయటికొచ్చింది. ఇంత పొడువైంది సాబ్! 'అమ్మా, జంపుఖానలాయన వచ్చిండు' అన్నది. ఆమె చేతుల చాట పట్టుకొని వచ్చింది. నన్ను చూసి అట్లనే నిలవడ్డది. 'మాకొద్దు' అన్నది గని లోపటికి పోలె. పిల్లేమో చారలు ముట్టుకొని చూస్తది. 'ఎవరు నేసిన్రు' అన్నది. నేనే నేసిన బిడ్డా అన్న. బిడ్డా అన్న సాబ్. ఎవలనన్నా బిడ్డా అంటరు గద, తప్పేమున్నది?"

"తప్పేం లేదు" అన్నాను.

"దూపైతుంది నీల్లియ్యమన్న. పిల్లనే చెంబు బూడిద పెట్టి తోమి, కడిగి ఇచ్చింది. ఇంకో చెంబు గూడ ఇచ్చింది. జంపుఖాన అరుగు మీద పెట్టి, మల్లొచ్చినప్పుడు తీసుకపోత అని చెప్పొచ్చిన. నేను మల్ల రానని ఆమెకు తెలుసు."

అతను ఇంకా ఏదో చెప్పబోతుండగానే పట్వారీ గారి పాలేరు రొప్పుకుంటూ వచ్చాడు. పట్వారీ కుటుంబం అంగడి నుంచి చుట్టాలింటికి పోయి, ఆ పొద్దునే ఇల్లు చేరింది. పెరటి వైపు పెంకులు తీసి ఉన్నాయి. రాగి గంగాళాలు లేవు, వెండి కడియాలు లేవు. దొంగ పడింది నిన్న పగటి పూటే, ఎందుకంటే నిన్న పొద్దున తాళం వేసిందీ వాళ్లే, చీకటి పడ్డాక పెరట్లో కుక్కలు వదిలిందీ వాళ్ల మనుషులే.

అమీన్ సాబ్ బయటికి వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. ఒకసారి పాలేరును చూశాడు, ఒకసారి నా ఎదురుగా నిలబడ్డవాణ్ణి చూశాడు. పాతర తవ్విందీ ఆ ఇంట్లోనే కదా.

"నిగ్రానీ రిజిస్టరు తే" అన్నాడు.

తెచ్చాను. వేరే ఏం చేయాలో తోచలేదు. ఆయన వేలు పెట్టి చూశాడు. నిన్న పొద్దున ముద్ర ఉంది, సాయంత్రం ముద్ర ఉంది. "ఊళ్లెనే ఉన్నడు" అన్నాడు.

తరువాత ఇరుగుపొరుగును పిలిపించాడు. అంగడికి పోని ముసలివాళ్లు ఒకరిద్దరున్నారు. వాళ్లు కావాలని చెప్పింది కాదు, ఉన్నదే చెప్పారు. నిన్న పొద్దంతా మగ్గం చప్పుడు వినపడలేదని. దాంతో అమీన్ సాబ్‌కు కేసు కుదిరిపోయింది. ఊళ్లో ఉన్నాడు, ఇంట్లో లేడు. మరి ఎక్కడున్నాడు?

అతను నా వైపు చూడనైనా చూడలేదు. "ఇంట్లనే ఉన్న, పానం బాగలేక పండుకున్న" అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నేను రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. వస్తువులు దొరకలేదు. ఏ బావిలోనో పడేశాడన్నారు. అసలు దొంగ ఎవరో ఈనాటికీ నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం జమేదారు నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. పాను ఊశాడు.

"మూడు నిషానీలు ఒక్కతీరుగ ఉన్నయి బేటా. పొద్దుగాలది, మాపటిది, అంతకుముందు దినంది. సిరా ఒక్కటే, వేలు ఒత్తిన తీరు ఒక్కటే. అమీన్ సాబ్ చూడలె. నేను చూసిన."

నేను పెరటి తలుపు దగ్గరికి వేశాను.

"నువ్వు నిజం చెప్తే వానికి ఆరు నెలలు, చిట్టీ లేక పొలిమేర దాటినందుకు. నీకు నౌకరి పోతది, జైలు గూడ అయితది. చెప్పకుంటే వానికి రెండేండ్లు. నేను చెప్ప. నీ కలం, నీ ఇష్టం."

పేషీ రోజు వరకు నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. కక్కలేను, మింగలేను. కూర్చున్నచోట కూర్చోలేక ఠాణా చుట్టూ తిరిగేవాణ్ణి. మా నాయన ఊరి నుంచి వచ్చి, నా డ్రెస్సు చూసి మురిసిపోయి, బొత్తాలు తుడిచి వెళ్లాడు. అది ఇంకొక పోటు. చివరికి పేషీనాటి పొద్దున నిశ్చయించుకున్నాను. చెప్పేస్తాను. నౌకరి పోతే పోనీ, నాగలి పట్టడం మర్చిపోలేదు కదా.

అదాలతు వరండాలో అతని చేతికి బేడీ వేసి నన్నే పక్కన కూర్చోబెట్టారు. అతను నా ముఖం చూసి సంగతి పోల్చుకున్నాడు.

"సాబ్, చెప్దామనుకుంటున్నవ్. చెప్పకు."

"నీకు రెండేండ్లు పడ్తది."

"ఎర్కే. నిజం చెప్తె మీ జవాన్లు యాడికి పోతరు? ఆ సందులకే పోతరు. నీల్లిచ్చిన పిల్లను నిలవెట్టి, మీ ఇంటికి ఎవడొచ్చిండు, ఏమైతడు అని అడుగుతరు. ఇంటాయనకు తెలుస్తది, సందుకు తెలుస్తది. రెండేండ్లు నాకు కొత్త గాదు సాబ్. దొంగ బిడ్డవు అనిపించుకునుడు దానికి కొత్త."

లోపలికి పిలుపు వచ్చింది. రిజిస్టరు చూపించాను. మున్సిఫు గారు కళ్లద్దాల మీదుగా చూస్తూ ఉర్దూలో అడిగారు: ఆ రోజు రెండు పూటలా ముద్దాయి నీ ఎదుట హాజరయ్యాడా? బాగా ఆలోచించి చెప్పు.

ఆలోచించడానికి ఆయన నాకు కావలసినంత వ్యవధి ఇచ్చారు. నేనే తీసుకోలేదు.

"జీ హుజూర్" అన్నాను.

ముద్దాయిని అడిగారు, ఈ ముద్రలు నీవేనా అని. "నాయే" అన్నాడు. ఆ మాట మాత్రం నిజం.

ఆ పిల్ల కోసమే నోరు మూసుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అతను నాకొక సాకు ఇచ్చాడు, నేను దాన్ని రెండు చేతులా అందుకున్నాను. ఆ సాకు ఇవ్వకపోయి ఉంటే నిజం చెప్పేవాణ్ణా? మున్సిఫు ముందు నిలబడగానే నాకు గుర్తొచ్చింది ఆ పిల్ల కాదు, బొత్తాలు తుడిచిన మా నాయన. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇదే మొదటిసారి.

రెండేళ్లు వేశారు. పైగా ఇంకొక విడ్డూరం వినండి. ఈ కేసులో నిగ్రానీ రిజిస్టరు ఎంతో సక్రమంగా ఉందని పైనుంచి నాకు శాబాషీ కాగితం వచ్చింది. నా నౌకరిలో అదే మొదటిది. జమేదారు దాన్ని చదివి నాకిచ్చేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

తీర్పు తరువాత ఒక సాయంత్రం దీపం వెలిగిస్తుంటే మెట్ల దగ్గర కర్ర చప్పుడైంది. ముసలిది. రోజూ కూర్చునే మెట్టు మీద కూర్చుంది.

"అవ్వా, మీ వాడు ఇక్కడ లేడు గదా" అన్నాను.

"లేడని తెల్వకనా కొడుకా? ఆ దినం వాడు ఊళ్లె లేడు. పొద్దుగాల సద్ది కట్టిచ్చింది నేనే. మగ్గం సప్పుడు లేక నాకు పొద్దు వోలె. మరి నీ బుక్కుల వాని ఏలు ఎట్ల వడ్డది?"

నేను దీపం వత్తి సరిచేస్తూ ఉండిపోయాను. ఆమె జవాబు కోసం రాలేదు.

"చెప్పకు. నాకు కండ్లు లేవు గని, నీకున్నయి గద. రోజు ఈ యాల్లకు వస్త. నన్ను చూసుకుంట ఉండు."

వచ్చింది. వానలో వచ్చింది, చలిలో వచ్చింది. దీపం వెలిగించగానే మెట్టు మీద ఉండేది. కొంచెంసేపు కూర్చుని, "కొడుకా, ఉన్నవా?" అని అడిగేది. "ఉన్ననవ్వా" అంటే లేచి గోడలు పట్టుకుంటూ వెళ్లిపోయేది. పని మీద నేను ఒకరోజు లేకపోతే మరునాడు నిలదీసేది, "నిన్న యాడికి పోయినవ్?" అని. అమీన్ సాబ్ నవ్వేవాడు, ముసలిదానికి నీ మీద మనసు పడ్డదిరా అని. నాకు తెలుసు అది ఏమిటో. ఆమె నాకు హాజరీ పెట్టింది. నేను నిగ్రానీ మీద ఉన్నాను.

తట్టుకోలేక బదిలీకి అర్జీ పెట్టుకున్నాను. జుక్కల్ దిక్కు ఖాళీ ఉందన్నారు. అక్కడ కన్నడం, మరాఠీ మాట్లాడేవాళ్లు, నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరు. హుకుం కూడా వచ్చింది. చెక్కపెట్టెలో బట్టలు సర్దుకున్నాక ఆలోచన వచ్చింది. దీపాల వేళకు ఆమె వచ్చి ఉన్నవా అని అడిగితే, లేడవ్వా, పోయిండు అని ఎవడో చెప్తాడు. జమేదారు కాళ్లా వేళ్లా పడి ఆ హుకుం రద్దు చేయించుకున్నాను. నా నౌకరిలో నేను సరిగ్గా చేసిన పని ఏదైనా ఉందంటే అదేనేమో, అదీ భయంతో చేసిందే.

రెండేళ్లకు అతన్ని వదిలారు. కామారెడ్డి స్టేషనులో దింపుతారు, తీసుకురమ్మని నన్నే పంపారు. రైలు దిగి నన్ను చూసి దండం పెట్టాడు. చిక్కిపోయాడు, జుట్టు తెల్లబడింది. మోటారుకు ఇంకా వేళ ఉంది. అతన్ని మోటారు దగ్గర కూర్చోబెట్టి, బీడీలు తెస్తానని చెప్పి, నిలవలేక నడుచుకుంటూ మిల్లు వెనక సందులోకి పోయాను. నన్నెవరూ పంపలేదు. అరుగు మీద ఎర్రచారల జంపుఖానా పరిచి ఉంది. దాని మీద ఒక అమ్మాయి కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తి నా డ్రెస్సు చూసి బెదిరింది. నేను ఆగకుండా వెళ్లిపోయాను.

మోటారులో అతని పక్కన కూర్చుని చెప్పాను. "అరుగు మీద పరిచి ఉన్నది. దాని మీద కూసొని బియ్యం ఏరుతున్నది."

అతను దారి పొడవునా కిటికీ బయటికే చూశాడు. చాలా దూరం వచ్చాక, "రంగు పోయిందా?" అని అడిగాడు.

"పోలె."

"మంచి రంగే అద్దిన" అన్నాడు.

ఠాణా ముందు దిగేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. ముసలిది మెట్టు మీదే ఉంది. కొడుకు వచ్చి ఆమె కాళ్లకు మొక్కాడు. ఆమె అతని వేళ్లు ఒత్తి చూసి, "ముందు లోపటికి పో, అది కానియ్యి" అంది. అతను గడప దగ్గర ఆగాడు. రమ్మన్నాను. వచ్చాడు.

రిజిస్టరు తెరిచి ఆనాటి తారీఖు రాశాను. తప్పు పడితే కొట్టేసి మళ్లీ రాశాను. సిరా పెట్టె ముందుకు జరిపాను. అతను బొటనవేలు ముంచి గడిలో అద్దాడు. అద్ది, చేయి వెనక్కి తీసుకోలేదు. సిరా అంటిన వేలును కింది వరుస మీద, రేపటి గడి మీద, తాకకుండా ఆపి పట్టుకుని నా ముఖంలోకి చూశాడు.

"రేపటిది గూడ ఇప్పుడే వెయ్యమంటవా, సాబ్?"

కోపంగా అనలేదు. వెటకారం చేశాడా అంటే, ముఖంలో అదీ లేదు. నిజంగానే అడిగినట్టు అడిగాడు. వేయమంటే వేసేవాడే. నేను కింది వరుసను అరచేత్తో మూసేశాను. నా చేయి మీద అతని వేలు పడి సిరా అంటింది.

బయటి నుంచి ముసలిది అడిగింది. "పడ్డదా?"

జవాబు చెప్పేవాణ్ణి నేనే. అయినా అతను చెప్తాడేమోనని చూశాను. అతను నా కోసమే ఆగి ఉన్నాడు.

మెట్టు మీద కర్ర చప్పుడైంది.

"కొడుకా, ఉన్నవా?" అంది ముసలిది. తన కొడుకును కాదు, నన్ను.

"ఉన్ననవ్వా" అన్నాను.